గడువు తీరని బంగ్లా

బొంబాయిలో ఫోరస్ రోడ్డు దాటి లోపలికొస్తే, కామాఠీపురలో ఒక సందు చివర రాజలింగం మేస్త్రీ బంగ్లా ఉంది. దీపాలు పెట్టే వేళ దాటాక ఆ సందులోకి ఎవరూ వెళ్లరు. టాక్సీవాళ్లు మలుపు దగ్గరే దించేస్తారు. పాలు పోసే భయ్యా పక్క సందు చుట్టి వస్తాడు. తాగి పడిపోయినవాడు కూడా, ఆ గేటు ముందు పడ్డానని తెలిస్తే ఎక్కడలేని తెలివి తెచ్చుకుని లేచి నడుస్తాడు.

ఎందుకని అడిగితే మాత్రం... ఒక్కొక్కరిది ఒక్కో కథ. మేడ మీంచి పడి చచ్చిన సున్నం కూలీ అంటారొకరు. మేస్త్రీ రెండో పెళ్లాం అంటారింకొకరు. కాదు, పునాదిలో పూడ్చిన పసిబిడ్డ అంటారు వేరొకరు.

మంగళకి మొదటి అనుమానం అక్కడే వచ్చింది.

"ఒక్క దెయ్యానికి ఇంతమంది సాక్షులు. ఏ సాక్ష్యమూ ఇంకోదానితో కలవదు. ఎవరో ఏదో దాస్తున్నారు," అంది నాతో.

మంగళా నేనూ ఒకే కాలేజీ. డిబేట్లలో ఆమె ఒకవైపు, నేను రెండోవైపు. ఆమె పుట్టిందీ పెరిగిందీ, గదికో సంసారం చొప్పున ఉండే ఒక కామాఠీపుర చాల్‌లోనే. ముత్తాత పాలమూరు నుంచి వచ్చి ఈ ఊళ్లో గోడలు లేపినవాడు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో కొంత నేను చూసిందే. మిగతాది మంగళ నోటి నుంచి విన్నది.

మిల్లుల సమ్మె మొదలైన మరుసటేడు, వానాకాలం. మా కాలేజీ చరిత్ర సంఘం వాళ్లు ఊళ్లోని పాత బంగ్లాలు చూపిస్తామన్నారు. గిర్గాంలో చెక్కపని చేయించుకున్న సేట్ల ఇళ్లు, బైకల్లాలో పియానో ఉన్న పార్సీ ఇల్లు, ఇంకా అలాంటివే. ఆ పేర్లు చదువుతుంటే మీటింగులో మంగళ లేచి నిలబడింది.

"కట్టించినవాళ్ల పేర్లు అన్ని ఇళ్లకీ ఉన్నాయి. కట్టినవాళ్ల పేరు ఒక్కదానికైనా ఉందా? కట్టినవాళ్లలోనే ఒకడు తనకోసం కట్టుకున్న బంగ్లా ఉంది. కామాఠీపురలో."

ఆ పేరు వినగానే వెనక బెంచీలో ఇద్దరు నవ్వారు. బయటివాళ్లకి కామాఠీపుర అంటే సానివాడే, ఏం నవ్వో విడమరిచి చెప్పక్కర్లేదు.

"కామాఠీ అంటే ఇళ్లు కట్టే మనిషి," అంది మంగళ వాళ్లవైపు తిరిగి. "మీ తాతలు పడుకున్న ఇళ్లు కూడా మావాళ్లు కట్టినవే. ఆ బంగ్లా నేను చూపిస్తాను. చూపించలేకపోతే ఈ సంఘంలో నోరెత్తను."

మాట జారింది. మా లెక్చరర్ ఆ బంగ్లా చూసుకునే ట్రస్టుని అనుమతి అడిగారు. శివరాం అనే తమ గుమాస్తా తాళంచెవులు పట్టుకుని వస్తాడని, లోపలంతా చూపిస్తాడని వాళ్లు కబురంపారు.

ఆ కబురు మంగళ ఇంట్లో అన్నం దగ్గర చెప్పిందట. వాళ్ల నాయనమ్మ సాయమ్మ తలెత్తింది.

"నీకు బొంబాయిల ఇంకో ఇల్లు దొరకలేదా బిడ్డా?"

"అది మనోడు కట్టింది, అవ్వా."

"కట్టిండు. ఆడనే దయ్యమై తిరుగుతుండు. దాన్ని జూపిస్తవా నీ దోస్తులకు?"

"నువ్వు చూసినవా?"

"చూసినోళ్లు బతికుంటరా?"

"మరి నీకెవరు చెప్పిండ్రు?"

సాయమ్మ చెయ్యి కడుక్కుని లేచిపోయింది.

ఆ మర్నాటి నుంచి చాల్ మొత్తం వింతగా తయారైంది. నల్లా దగ్గర మంగళ బిందె పెట్టగానే మాటలు ఆగిపోయేవి. పొద్దుగూకే వేళ ఎవరో ఒకామె కొంగు కింద గిన్నె దాచుకుని మెట్లు దిగేది. ఎక్కడికంటే గుడికి అనేది. గుడి కుడివైపు... ఆమె ఎడమకి తిరిగేది, బంగ్లా సందువైపు.

నాటు సారా కాస్తున్నారేమో అనుకుంది మంగళ. తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. ఫోరస్ రోడ్డుకి ఇంత దగ్గరలో, ఎవరూ తొంగిచూడని ఇల్లు... ఏ ఊరి నుంచో తెచ్చిన పిల్లని లోపల పెట్టారేమో. తన చాల్ మనుషులే దానికి అన్నం మోస్తున్నారేమో.

అలాంటి ఇంటికి కాలేజీని ఎలా తీసుకెళ్తుంది? అదే నిజమైతే, తీసుకెళ్లకుండా ఎలా ఊరుకుంటుంది?

మేం వెళ్లాల్సిన రోజుకి ముందురోజు, సాయంత్రం మసకబడ్డాక, టార్చి తీసుకుని ఒక్కతే వెళ్లింది.

సన్నటి వాన. గేటుకి తాళం ఉంది కానీ పక్క గోడలో మనిషి దూరేంత సందుంది. సందు అంచుల్లో రాయి నున్నగా అరిగి ఉంది. రోజూ ఎవరో దూరుతున్నట్టే...

లోపల నల్లటి టేకు స్తంభాలు. రంగు అద్దాల కిటికీలు, సగం పగిలినవి. గచ్చు మీద సున్నంతో తీర్చిన నెమళ్లు. చూస్తూ చూస్తూ భయం మరిచిపోయింది మంగళ. ఈ నెమలి మెడ తీర్చిన చెయ్యి తన ముత్తాతదే కావచ్చు.

అప్పుడు వినబడింది.

టప్... టప్... టప్...

తడిచేత్తో దేన్నో మెల్లగా కొడుతున్న చప్పుడు. ఆగుతుంది. మళ్లీ మొదలవుతుంది. హాలు వెనక ఒక తలుపు. తలుపు కింద ఎర్రటి గీతలా వెలుతురు.

"కౌన్ హై?" అంది.

చప్పుడు ఆగిపోయింది. వెలుతురూ పోయింది. చీకట్లో ఏదో కాలుతున్న వాసన... కమ్మగా. జొన్నరొట్టె వాసన.

దెయ్యం రొట్టె తింటుందా?

అప్పుడే లోపల ఒక పసిపిల్ల తుమ్మింది.

మంగళ తలుపు తోసి టార్చి వేసింది. మూలకి ఒదిగి, బిడ్డ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, వెంకటమ్మ. తమ చాల్ వెంకటమ్మ, తమ పక్క గది వెంకటమ్మ. పరంజ మీంచి పడి మొగుడు చనిపోతే, బిడ్డనెత్తుకుని ఊరికి వెళ్లిపోయిందని చాల్ అంతా చెప్పిన మనిషి.

"అక్కా... నువ్వు ఊరికి పోయినవన్నరు గదా?"

"ఊర్ల నాకెవరున్నరు చెల్లె?"

"టార్చి బంద్ జెయ్యి," అంది వెనకనుంచి ఇంకో గొంతు. గుమ్మంలో సాయమ్మ, కొంగు కింద గిన్నెతో. "వస్తవని నాకెరికే. కూసో. ఇనుకుంట తిను."

అప్పుడు చెప్పింది. వెంకటమ్మ మొగుడు పోయిన నక్షత్రం మంచిది కాదు. అలా పోతే ఆ ఇల్లు కొన్ని నెలలు విడిచిపెట్టాలి. గుమ్మానికి ముళ్లకంప కొట్టి, గడువు తీరేదాకా ఇంటివాళ్లు లోపల అడుగుపెట్టకూడదు. ఊళ్లో అయితే చేను గట్టున గుడిసె వేసుకుంటారు. బొంబాయిలో?

"చావింటోళ్లను ఎవరు రానిస్తరు? అందరికీ ఒక్కొక్క అర్రనే. ఈ బంగ్లానే రానిస్తది. మా అత్త కాలం నుంచి మన చాళ్లల్ల ఇల్లు ఇడిసిన ప్రతోళ్లు ఈడనే గడువు ఎళ్లదీసిండ్రు."

"మరి చెప్పొచ్చు గదా..."

"ఎవరికి? అర్ర ఖాళీ అని కిరాయి వసూల్ జేసే ఇంటాయన మనిషికి తెలిస్తే తెల్లారేసరికి ఇంకొగణ్ని దింపుతడు. అందుకే ఆ అర్ర ముందల రోజూ ఒక తడి చీర ఆరేస్తున్నం. ఈడ మనుషులున్నరని ట్రస్టోళ్లకు తెలిస్తే తాళమేస్తరు. అందుకే దయ్యాన్ని పెట్టినం. జీతమడగని కావలి."

మంగళకి నవ్వొచ్చింది. మరుక్షణం నవ్వు ఆగిపోయింది. ఇన్నేళ్లుగా ఇటు తిరిగి చూడని ట్రస్టు మనిషిని, తాళంచెవులతో సహా, తనే పిలిపించింది. రేపు అతను ఈ తలుపు తీస్తే, వెంకటమ్మ బిడ్డతో ఫుట్‌పాత్ మీద పడుకోవాలి.

"రేపు ఎవ్వర్నీ గేటు దాటనియ్యను, అవ్వా. మాటిస్తున్న."

సాయమ్మ ఆమెని తేరిపార చూసింది. "నువ్వు మాటలల్ల గెలుస్తవని విన్న. మాట మీద నిలబడతవో లేదో ఇంక చూడలే."

మర్నాడు వాన మమ్మల్ని ప్రతి ఇంటి దగ్గరా ఆపేసింది. మేస్త్రీ బంగ్లా చేరేసరికి చీకటి పడింది. దానికి తోడు కరెంటు లేదు. గేటు దగ్గర గొడుగేసుకుని శివరాం నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి, తెలుగువాడే, చేతిలో తాళంచెవుల గుత్తి.

మంగళ గేటుకి వీపు ఆనించి మావైపు తిరిగింది.

"లోపలికి వెళ్లడం లేదు," అంది. "ఇక్కడే చెబుతాను. నిన్న నేను లోపలికి వెళ్లాను. చూశాను."

నా చెవుల్ని నేను నమ్మలేదు. దయ్యాలు లేవని రెండేళ్లుగా కాలేజీని ఊపేసిన పిల్ల... రొట్టెలు తట్టే చెయ్యి చూశానని, మొహం లేదని, పిలిస్తే దీపం ఆరిందని, ప్రాణం పెట్టి చెబుతోంది. వెనక బెంచీ కుర్రాళ్లు మొదట నవ్వారు. తర్వాత దగ్గరికి జరిగారు. తర్వాత నవ్వలేదు. మా లెక్చరర్ కూడా వాచీ చూసుకున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. వాళ్లముందు ఇంత దిగజారాలా, అనుకున్నాను.

"దయ్యమైతే మంచిదే," అన్నాడు శివరాం. "ఇన్నేళ్ల అద్దె అడుగుతాను." గొడుగు ముడిచి తాళం తీశాడు.

మంగళ అతని గొడుగు పట్టుకుంది. "వద్దు సార్..."

ఆ గొంతులో నటన లేదు. అదే నాకు అర్థం కాలేదు. అతను గొడుగు ఆమెకే వదిలేసి లోపలికి నడిచాడు.

మేం నిలబడ్డాం. వాన చప్పుడు... దాని వెనక, లోపలెక్కడో...

టప్... టప్... టప్...

ఒక్క ఉదుటున అందరూ సందు మలుపుకి పరుగెత్తారు. లెక్చరర్ అందరికంటే ముందు. నేనూ మంగళా మిగిలాం. మంగళ పెదాలు కదులుతున్నాయి. "ఆపెయ్ అక్కా, ఆపెయ్..." అంటోంది నెమ్మదిగా. ఆ అక్క ఎవరో అప్పటికి నాకు తెలియదు.

శివరాం తిరిగొచ్చాడు. భయపడిన మనిషిలా లేడు. చెప్పులు చేతిలో ఉన్నాయి, పొయ్యి ఉన్న గదిలోకి వెళ్లినవాడిలా.

"అబద్ధాలు బాగా ఆడతావమ్మా," అన్నాడు మంగళతో. "లోపల ఒకామె రొట్టెలు చేసుకుంటోంది. ఎవరమ్మా అంటే, ఇల్లు ఇడిసిపెట్టినం సారూ, గడువు తీరలే, తీరితే మావోళ్లొచ్చి చెప్తరు, అప్పుడు పోత, అంది."

మంగళ తల దించుకుంది.

"మా నాయన పోయినప్పుడు మేమూ విడిచిపెట్టాం. నాకు ఆ మాత్రం తెలియదా? ఆమెకి చెప్పే వచ్చాను, గడువు తీరేదాకా తాళం వెయ్యనని. ట్రస్టుకీ చెప్పను. ఏదో పెంకుల చాల్ అందే, మీదీ అదేనా?"

"అవును సార్," అంది మంగళ వెంటనే. తమ చాల్ పేరు బయటపెట్టకుండా ఏదో పేరు అల్లిన వెంకటమ్మ తెలివికి లోపల్లోపలే దండం పెట్టుకుంది.

అతను గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు. మంగళ నా చెయ్యి పట్టుకుని చాల్‌దాకా లాక్కెళ్లింది. దారిలో అంతా చెప్పింది, నవ్వుతూ, ఏడుస్తూ. సాయమ్మ మేడ మీద వరండాలో బుడ్డిదీపం పెట్టుకుని కూర్చుంది.

"అవ్వా, తాళం పడదు. వెంకటమ్మక్క ఆడనే ఉండొచ్చు."

సాయమ్మ జవాబు చెప్పేలోపల మెట్ల మీద అడుగుల చప్పుడైంది. బిడ్డని కొంగులో కప్పుకుని, నెత్తిన మూటతో, నిలువునా తడిసి, వెంకటమ్మ. చివరి మెట్టు మీదే ఆగిపోయింది. వరండాలోకి రాకూడదు కదా.

"అప్పుడే వచ్చినవా అక్కా? ఏ దిక్కునుంచి బయటపడ్డవ్? గేటు కాడ మేమే ఉంటిమి."

"బంగ్లాల యాడున్న చెల్లె? పొద్దుగాలనే పెద్దమ్మ నన్ను వర్లికి తోలింది. దినమంత ఆడ కడుతున్న బిల్డింగు కింద కూసున్న. ఇప్పుడే బస్సు దిగిన."

మంగళ సాయమ్మవైపు తిరిగింది.

"నీ మాట నమ్మలే బిడ్డా," అంది సాయమ్మ. "ఏం జేయాలె."

"అయితే లోపల... ఇంకెవర్ని పెట్టినవ్?"

"ఎవర్నీ పెట్టలే. పొయ్యిల బూడిద సుత ఎత్తి పారబోసి వచ్చిన."

దీపం చుట్టూ పురుగులు తిరుగుతున్నాయి. మంగళ, శివరాం చెప్పింది చెప్పినట్టు మళ్లీ చెప్పింది. ఈసారి నవ్వలేదు.

"ఏ చాల్ అన్నది?" సాయమ్మ గొంతు బాగా తగ్గిపోయింది.

"పెంకుల చాల్."

సాయమ్మ కొంగు నిండుగా కప్పుకుంది.

"దాన్ని కూలగొట్టినప్పుడు నేను కొత్త కోడల్ని. అండ్ల ఉన్నోళ్లు తలో దిక్కు పోయిండ్రు. ఇప్పుడు ఆడ గోదాములున్నయ్."

ఎవరం కదల్లేదు. వెంకటమ్మ ఒక్కతే బిడ్డని భుజం మార్చుకుని, మూట సర్దుకుంది. ఆ రాత్రి తల దాచుకోవడానికి ఆమెకి ఇంకో చోటు లేదు.

"పాపం... గడువు ఎన్నడో తీరిందని ఆమెకు ఎవరన్న చెప్పాలె గద, పెద్దమ్మా," అంది. "పోతున్న గదా. నేనే చెప్త."

"చెప్తవ్," అంది సాయమ్మ. "ఇంటికి పోత, తోవ చూపియ్యమంటది. యాడికి తోల్కపోతవ్?"