పడుకోబెట్టిన రాయి

పెరడు అని గొప్పగా చెప్పుకుంటాం గానీ, మాది వంటింటి తలుపుకీ వెనక గోడకీ మధ్య మిగిలిపోయిన జాగా. రెండు మంచాలు వేస్తే నిండిపోతుంది. బట్టలు ఆరేసుకోవడానికీ, మా ఆయన పాత సామాను పడేసుకోవడానికీ తప్ప దేనికీ పనికొచ్చేది కాదు. అలాంటి చోట తోట పెడదామంది మా చెల్లి. అదీ మొక్కల్లేని తోట.

"మొక్కల్లేకపోతే అదేం తోటే?" అన్నాను కుట్టుమిషను మీంచి తలెత్తకుండా.

"జెన్ గార్డెన్ అక్కా. తెల్ల ఇసుక, మూడు రాళ్లు. అంతే. ఇసుక మీద దంతెతో గీతలు గీస్తాం, చూడటానికి అలల్లా ఉంటాయి. గీస్తూ ఉంటే మనసు నెమ్మదిస్తుందట. డాక్టరు గారు చెప్పారు."

డాక్టరు పేరెత్తగానే మిషను ఆపేశాను. చెల్లి ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీలు చేసీ చేసీ నిద్రని ఎక్కడో పారేసుకుంది. సెలవు పెట్టి మా ఇంటికి వచ్చేసినా నిద్ర మాత్రం వెంట రాలేదు. మాత్ర వేస్తే మగత, మానేస్తే మెలకువ. మనిషి పుల్లలా అయిపోయింది. అమ్మ పోయాక దాన్ని పెంచింది నేనే. అది ఒక్క పూట కంటినిండా నిద్రపోతే చాలు, ఇంకేం అక్కర్లేదు అనుకునే రోజులవి.

"సరే, పెట్టుకో తల్లీ నీ ఇసుక తోట," అన్నాను.

మా ఆయన లిఫ్టు మెకానిక్కు. మరదలు అడిగితే చాలు, కొండ మీది కోతైనా దిగి రావాల్సిందే. పాత కిటికీ చెక్కతో దువ్వెనలాంటి దంతె చేసిచ్చాడు. తెల్ల ఇసుక తోలించాడు. రాళ్లు మాత్రం నేనే వెళ్లి తెచ్చాను. పడగొట్టిన పాత కట్టడాల రాళ్లు అమ్మే ముసలాయన ఒకడున్నాడు. రెండు చిన్నవి ఏరాక, మూలనున్న పొడుగాటి రాయి మీద నా కన్ను పడింది. బూడిద రంగు, నున్నటి ఒళ్లు. దాదాపు మా చెల్లి అంత ఎత్తుంది.

"తీసుకో గానీ, ఇది నిలబడ్డ రాయమ్మా," అన్నాడు ముసలాయన. "కింద ఈ మట్టి మరక చూశావా? ఇక్కడిదాకా పాతుకుని నిలబడింది. అలాగే నిలబెట్టు. పడుకోబెట్టావంటే దాని బదులు ఇంకెవరో నిలబడాల్సొస్తుంది."

"సరుకుతో పాటు కథలు కూడా కట్టిస్తారా ఇక్కడ?" అన్నాను. ఆయన నవ్వలేదు.

నలుగురు మనుషులు రొప్పుతూ మోసుకొచ్చి పెరట్లో దించారు. మా ఆయన గునపం పట్టి మోకాల్లోతు తవ్వాడో లేదో, ఠంగుమంది. మురుగు పైపు. అది పగిలితే ఇక తోట కాదు, చెరువే.

"వేరే చోట తవ్వుతాను లే," అన్నాడు.

"ఏం వద్దు. పడుకోబెట్టేయండి," అన్నాను. "పిల్ల కూర్చోవడానికి అరుగులా ఉంటుంది."

"ఆ ముసలాయన వద్దన్నాడన్నావుగా?"

"ఆయన మాట పట్టుకుని పెరడంతా తవ్వి పోస్తారా? చెప్పింది చెయ్యండి."

మా ఇంట్లో నా మాటకి తిరుగులేదు. తవ్విన గుంతలో ఇసుక పోసి పూడ్చేశాం. రాయిని దాని పక్కనే పడుకోబెట్టాం.

మొదటి సాయంత్రమే చెల్లి దంతె పట్టింది. వెనక్కి అడుగులేసుకుంటూ, తన పాదాల గుర్తుల్ని తనే చెరుపుకుంటూ, గోడనుంచి గడప దాకా గీతలు లాగింది. సర్... సర్... వినడానికి హాయిగా ఉంది. రాళ్ల చుట్టూ మాత్రం వలయాలు గీసింది, నీళ్లలో లేచినట్టు. ఆ తర్వాత వెళ్లి పొడుగు రాయి మీద నడుం వాల్చింది. నేను పని ముగించుకుని వచ్చి చూస్తే... నిద్రపోతోంది! నోరు కొంచెం తెరుచుకుని, చిన్నప్పటిలాగే. గడప మీద కూర్చుని ఏడ్చాను నేను. మా ఆయన కూడా ఆ పూట వేళాకోళం చెయ్యలేదు.

ఆనాటినుంచి రోజూ అంతే. మనిషి తేరుకుంటోందని సంబరపడ్డాను. అయితే నిద్ర పెరుగుతూ పోయింది. సాయంత్రం పడుకున్నది పొద్దెక్కినా లేవదు. లేపితే చల్లటి చేత్తో నా చెయ్యి పట్టుకుని, "ఇంకొంచెం సేపక్కా," అంటుంది. ఇన్నాళ్ల బాకీ తీర్చుకుంటోంది లే అనుకున్నాను.

ఒకరోజు పొద్దున పెరట్లోకి వెళ్తే ఇసుకలో కొత్త వలయాలు కనిపించాయి. రాయి చుట్టూ కాదు. మేం పూడ్చిన గుంత చుట్టూ. మధ్యలో ఏమీ లేదు.

"ఇదేంటే, ఖాళీ జాగాకి పూజలేంటి?"

చెల్లి ఆ వలయాలకేసి చూసింది. "నేను గీయలేదక్కా," అంది మెల్లగా. "కానీ అక్కడ నిలబడితే బాగుంటుంది. నిలబడే నిద్రపోవచ్చు."

నిద్రమత్తు మాటలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మా ఆయన చేసిన ఆకతాయి పని అయ్యుంటుందనుకుని, ఆయన్ని నాలుగు తిట్టాను కూడా. పాపం, ఆయన బిక్కమొహం వేశాడు.

ఆ సాయంత్రం మబ్బు కమ్మేసి పొద్దుండగానే చీకటైంది. కరెంటు పోయింది. గాలి లేదు. ఉక్క. కొవ్వొత్తి పట్టుకుని చెల్లి గదిలోకి తొంగిచూశాను. దుప్పటి ముసుగేసుకుని గోడవైపు తిరిగి పడుకుంది. ఊపిరి తీసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. హమ్మయ్య అనుకుని వెనక్కి తిరిగాను.

సర్...

పెరట్లోంచి.

సర్... సర్...

ఎవరో ఇసుక దువ్వుతున్నారు.

మా ఆయన డ్యూటీనుంచి అప్పుడే వచ్చి ముందు గదిలో బూట్లు విప్పుకుంటున్నాడు. దగ్గుతున్నాడు కూడా. అయితే ఆయన కాదు. చెల్లి గదిలో ఉంది. మరి...

వంటింటి తలుపు తీశాను. తడి మట్టి వాసన గుప్పుమంది, పాడుబడ్డ బావిలోకి తొంగిచూసినట్టు. చప్పుడు ఆగిపోయింది. కొవ్వొత్తి పైకెత్తాను.

పొడుగు రాయి దాని చోట లేదు.

గుంత మీద, వలయాల మధ్యలో, చెల్లి నిలబడి ఉంది. నిటారుగా. చేతులు ఒంటికి అంటుకుపోయి ఉన్నాయి. పాదాలు చీలమండల దాకా ఇసుకలో దిగిపోయాయి. కళ్లు తెరిచే ఉన్నాయి. రెప్ప వెయ్యడం లేదు.

"ఏమండీ... ఏమండీ!"

పరుగెత్తుకొచ్చాడు. చెల్లి భుజాలు పట్టుకుని ఊపాడు. నడుం పట్టుకుని లాగాడు. ఊరందర్నీ పైకీ కిందకీ తిప్పే మనిషి, మరదల్ని అంగుళం కదపలేకపోయాడు. నేను దాని చెంప ముట్టుకున్నాను. చల్లగా... గట్టిగా...

"ఇది ఇక్కడుంటే," అన్నాడు మా ఆయన గొంతు తగ్గించి, "మంచం మీద ఎవరే?"

ఇద్దరం వెనక్కి పరుగెత్తాం. దుప్పటి ముసుగు అలాగే ఉంది. ఊపిరి చప్పుడు మాత్రం లేదు. ఆయనే దుప్పటి లాగాడు.

రాయి. తలగడ మీద తలపెట్టినట్టు, గోడవైపు తిరిగి.

ముసలాయన మాట అప్పుడు చెంపదెబ్బలా గుర్తొచ్చింది. "నిలబెట్టాలి," అన్నాను. "దీన్ని నిలబెడితే అది బయటపడుతుంది. పట్టండి!"

"నలుగురు మోసిన రాయే ఇది..."

"పట్టండీ!"

భుజాలవైపు ఆయన, కాళ్లవైపు నేను. భుజాలు, కాళ్లు అంటున్నాను చూడండి... అలాగే అనిపించింది మరి. మనిషంత బరువే ఉంది. వెచ్చగా కూడా ఉంది. ఇంతసేపూ మంచం మీదుంది కదా అనుకున్నాను. వంటింటి గడప దాటుతుంటే ఒక్కసారి గింజుకున్నట్టయింది. నా పట్టు జారిందేమోలే అని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

చెల్లి వీపుకి ఆనించి రాయిని నిలబెట్టాం. ఇసుక నోరు తెరిచినట్టు దాన్ని మోకాల్లోతు లోపలికి లాక్కుంది. పైపు ఏమైందో మరి, ఠంగుమని కూడా అనలేదు. చెల్లి ముందుకి ఒరిగి పడింది. ఒళ్లోకి తీసుకున్నాను. రెప్పలు కొట్టింది.

"అక్కా," అంది.

ఆ క్షణం నాకంటే అదృష్టవంతురాలు లోకంలో లేదు.

ఇప్పుడు చెల్లి మళ్లీ డ్యూటీకి వెళ్తోంది. ఎంత నెమ్మదైందో అని తోటి నర్సులు మెచ్చుకుంటున్నారు. ఏమన్నా కోపం లేదు, కంగారు లేదు. వాళ్ల బావ ఎన్ని జోకులేసినా విని ఊరుకుంటుంది. పడుకోగానే నిద్ర. పొద్దున నేను మంచం సర్దడానికి వెళ్తే దుప్పటి మీద ఒక్క ముడత కూడా ఉండదు.

ఇసుక జోలికి మాత్రం అది వెళ్లడం లేదు. నేనే గీస్తున్నాను. సాయంత్రం ఎంత శుభ్రంగా వలయాలు గీసి వచ్చినా, తెల్లారేసరికి రాయి మొదలు దగ్గర ఇసుక కొద్దిగా చెదిరి ఉంటుంది. రాత్రంతా నిద్ర పట్టనివాళ్లెవరో ఈ కాలి మీదినుంచి ఆ కాలి మీదికి బరువు మార్చుకుంటూ నిలబడ్డట్టు. పిల్లి అయ్యుంటుందంటాడు మా ఆయన. నేను అవునంటాను. గునపం తీసుకుని రెండుసార్లు ఆ రాయి దగ్గరికి వెళ్లాను. రెండుసార్లూ ఇంట్లోంచి చెల్లి, "ఏం చేస్తున్నావక్కా?" అని పిలిచింది. ఏం చెయ్యను? గునపం మూలన పెట్టేశాను.

చలి మొదలైంది. నిన్న మనసాగక, ఎవరూ చూడకుండా నా పాత శాలువా తీసుకెళ్లి ఆ రాయి మీద కప్పి వచ్చాను. ఊరికే, పైన వేలాడేసినట్టు.

పొద్దున వెళ్లి చూశాను. శాలువా జారిపోలేదు. గాలికి ఎగిరిపోలేదు. ముందువైపు రెండు అంచులూ దగ్గరికి లాగి ఉన్నాయి. గొంతు దగ్గర, లోపల్నుంచి పిడికిట్లో బిగించి పట్టుకున్నట్టు, గుప్పెడు ముడతలు.