తాతను ఎత్తుకుపోయినవాడు

"బాగు చెయ్యొద్దండీ. మూత లోపల ఏం రాసుందో చదివి చెబితే చాలు."

మనామా సూక్‌లో, ఆ అరబ్బు బజారు సందులోని ఇరుకు దుకాణంలో ఏడేళ్ళుగా గడియారాలు బాగుచేస్తున్న నతానియేలుకు ఇటువంటి గిరాకీ ఎన్నడూ తగలలేదు. బాగు వద్దన్న గడియారం దొంగసొత్తయి ఉండాలి. తలెత్తి చూశాడు. బయట, ఈ ద్వీపానికి ఏడాదిలో నాలుగుసార్లు మాత్రమే గుర్తొచ్చే వాన. ఎదుట, జడ కొసన నీళ్ళు కారుతున్న అమ్మాయి. వెండి జేబు గడియారాన్ని బల్ల మీద పెట్టిందే గాని, దాని గొలుసు మాత్రం ఆమె వేలికే చుట్టుకుని ఉంది.

ఎవరిదని అడిగాడు. మా తాతలదంది. రుజువేమిటన్నాడు. రుజువు కోసమే వచ్చానంది.

ఆమె పేరు ఎస్తేరు. ఊరు గోదావరి పడమటి గట్టున తాళ్ళపూడి. ఇక్కడ జింజ్ పేటలోని పళ్ళ క్లినిక్‌లో రిసెప్షనిస్టు. ఉండేది మహూజ్‌లో, మేనత్త రోజీ ఇంట్లో. తాతగారి తాత జర్మనీ నుంచి వచ్చి గోదావరి సీమలో స్థిరపడిన దొర అని ఇంట్లో అందరూ చెప్పుకుంటారు; ఆయన పేరు మాత్రం ఒక్కరికీ తెలియదు. సమాధిరాళ్ళ ఫొటోలు, పాత కీర్తనల పుస్తకాల అట్టలు, ఓడ ప్రయాణికుల జాబితాలు, అన్నీ వెతికి అలసిపోయింది ఎస్తేరు. మిగిలింది ఈ గడియారం ఒక్కటే. మూత లోపల సూదితో గీసినట్టు ఏవో సన్నని రాతలున్నాయి. మామూలు కంటికి అవి గీతలే.

అనుమానం బల్లకు ఆవలి పక్క నుంచి ఈవలి పక్కకు మారడానికి పది నిమిషాలు పట్టింది. మేనత్త ఫోను చేసింది. వాన చప్పుడులో మాట వినబడక, ఎస్తేరు గొలుసు వదిలి గుమ్మంలోకి నడిచింది. తిరిగి వచ్చేసరికి ఆ మనిషి మూతలోని రాతను తన పుస్తకంలోకి ఎక్కించుకుంటున్నాడు. తాత పోయిన నాటి నుంచి మూగగా ఉన్న గడియారం నడుస్తోంది.

"ఏం మార్చారు ఇందులో?"

"ఏమీ మార్చలేదండీ. చక్రంలో దారప్పోగు ఇరుక్కుంది, తీశాను."

"తియ్యమని నేనడిగానా?"

"కనబడ్డాక తియ్యకుండా ఉండలేనండీ."

ఆ రోజు అతడు చదివి చెప్పింది ఒక్క వరుసే. ఆట్టో లిండెమన్, పద్ధెనిమిది వందల తొంభై ఎనిమిది. మిగిలినవి అరిగిపోయాయనీ, నెమ్మదిగా చూడాలనీ, వచ్చే శనివారం రమ్మనీ అన్నాడు. గడియారం ఇక్కడ ఉంచనని ఎస్తేరు తెగేసి చెప్పింది. ఉంచమని అతడూ అడగలేదు.

రెండో శనివారం రెండో వరుస చదివాడు. అదే పేరు, పందొమ్మిది వందల రెండు. మూడో శనివారం మూడో వరుస. అదే పేరు, పందొమ్మిది వందల ఏడు. పక్క కొట్టు నుంచి చాయ్ వచ్చేది, చల్లారేది, మళ్ళీ వచ్చేది. తమ డాక్టరుగారు ముప్ఫై రెండు పళ్ళనూ పావుగంటలో చూసేస్తారనీ, ఈయనగారు మాత్రం వారానికో గీత చదువుతారనీ ఎస్తేరు దెప్పింది. పళ్ళయితే ఎక్కడ నొప్పో మనిషే చెబుతాడని, తలెత్తకుండానే అతడు జవాబిచ్చాడు. తలెత్తకపోయినా అతడు నవ్వుతున్నాడని ఆమెకు తెలిసింది. మూడో శనివారం బయలుదేరే ముందు నాలుగు చున్నీలు మార్చిందని అతనికి తెలియదు. ఆమె గొలుసును వేలికి చుట్టుకోవడం మరిచిందని మాత్రం ఇద్దరూ గమనించారు.

అయినా అనుమానం పోలేదు. ఇంత నిదానంగా చదివే మనిషి ఏదో దాస్తున్నాడు.

ఆ తరువాతి శుక్రవారం, ఇక్కడి సెలవు రోజున, తెలుగు క్రైస్తవ సంఘం ఆరాధన ముగిశాక, దొర పేరు దొరికిన సంగతి రోజీ అందరికీ చెప్పుకుంది. చదివినవాడి మీద ఆమెకు నమ్మకం లేదు. సంఘపెద్ద ఎలియేజరుగారిని పక్కకు పిలిచి, ఎప్పుడో గాని ఆరాధనకు రాని, వచ్చినా వెనుక వరుసలోనే కూర్చునే నతానియేలు పుట్టుపూర్వోత్తరాలు అడిగింది. ఎలియేజరుది రాజమండ్రి. ఆయనకు తెలియని కుటుంబం లేదు. దవళేశ్వరంలో గడియారాలు బాగుచేసిన జర్మనీ దొర ఒకాయన ఉండేవాడనీ, పేరు ఎవరికీ తెలియక గడియారం దొర అనేవారనీ, నతానియేలుది ఆ దొర కొడుకు సంతతేననీ చెప్పాడు. చెబుతూ చెబుతూ తానే ఆగిపోయాడు. మరుక్షణం ఆయన గొంతు హాలంతా వినబడింది.

"మన గోదావరి మీద జర్మనీ దొరలు ఎంతమంది ఉంటారమ్మా? ఇద్దరిదీ ఒకే దొర. ఇద్దరిదీ కొడుకుల వైపే. అంటే ఈ పిల్లలిద్దరూ అన్నాచెల్లెళ్ళ వరుస."

ఎస్తేరుకు హాలులోని ఏసీ చల్లదనం వీపు మీద తెలిసింది. సంఘంలో అందరూ అందరినీ బ్రదర్ అనీ సిస్టర్ అనీ పిలుచుకుంటారు. ఆ పిలుపు ఆమెను ఏనాడూ భయపెట్టలేదు. ఆ నిమిషాన భయపెట్టింది. అతణ్ణి పెళ్ళాడాలని తాను ఎన్నడో అనుకున్నట్టు, అది వీలుకాదన్న క్షణంలోనే ఆమెకు అర్థమైంది.

వెనుక వరుసలో నతానియేలు లేచి నిలబడ్డాడు. నలుగురిలో నోరు తెరవని మనిషి, గోడకేసి చూస్తూ చెప్పాడు. లిండెమన్ తమ తాత. వీళ్ళ తాత కాడు. మూత లోపల పేరు గీసేది గడియారం బాగుచేసినవాడే గాని సొంతదారు కాడు. పేరు కింద చింతాకులాంటి గుర్తు ఉంది. అదే గుర్తు దవళేశ్వరం చర్చి గోడగడియారంలోనూ ఉంది. అక్కడ పేరు లేదు. ఇక్కడ పేరు దొరికింది.

"ఎప్పుడు తెలిసింది మీకు?" అని ఎస్తేరు అడిగింది.

"మొదటి రోజే."

రోజీ చేతిసంచి భుజానికి తగిలించుకుని లేచింది. "విన్నారా ఎలియేజరుగారూ? మూడు వారాలు పెదవి విప్పలేదు. వరుస కుదరదని తేలగానే తాత మారిపోయాడు. పిల్ల కోసం మా తాతనే ఎత్తుకుపోతున్నాడు."

చదివినవాడూ అతడే, ఆ చదువు వల్ల మేలు పొందేవాడూ అతడే. మొదటి రోజే ఎందుకు చెప్పలేదని ఎస్తేరు అడిగితే, అతడు తల వంచుకున్నాడు. అందరూ దాన్ని తప్పు ఒప్పుకోవడంగానే తీసుకున్నారు.

మరునాడు ఎస్తేరు నేరుగా సూక్‌కు వెళ్ళలేదు. జింజ్‌లో, మందుల దుకాణం పక్కన గడియారాలు చూసే అప్పాజీ దగ్గరకు వెళ్ళింది. కాకినాడ నుంచి వచ్చి ముప్ఫై ఏళ్ళయిన పెద్దమనిషి. నతానియేలు ఎవరో ఆయనకు తెలియదు. తానెవరో చెప్పకుండా, కథ ఏదీ చెప్పకుండా, ఈ రాతలు ఎవరివో చూడమని మాత్రం అడిగింది.

అప్పాజీ కంటికి భూతద్దం తగిలించుకుని చాలాసేపు చూశాడు.

"బాగుచేసినవాళ్ళవమ్మా. ఎవరివనుకున్నారు?"

"సొంతదారువేమో అని. మా తాతగారి తాత."

"సొంతదారు బయట చెక్కించుకుంటాడు, నలుగురూ చూడాలని. ఈ లిండెమన్ అనే ఆయన పేరు పక్కన మూడుచోట్లా నంబరుంది చూడండి. అది గిరాకీ నంబరు. సొంత గడియారానికి గిరాకీ నంబరు ఎవడు వేసుకుంటాడు?" ఆయన మూతను దీపం వైపు తిప్పాడు. "కింద ఇంకొకాయన ఉన్నాడు. ఇతనిది తాజా గీత, నెల కూడా కాలేదు. తెలుగులో న అని వేసి తేదీ గీశాడు. ఇతను కూడా మీ తాతేనా అమ్మా?"

ఆ తేదీ వాన కురిసిన రోజుది. బాగుచేసిన ప్రతివాడూ చేసే పనినే, దారప్పోగు తీసినవాడూ చేసి ఊరుకున్నాడు. చెప్పనన్నా చెప్పలేదు.

ఎస్తేరుకు నవ్వొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. ఆ రెండింటితోనూ బస్సెక్కి సూక్‌లో దిగింది.

"జవాబు బాకీ ఉన్నారు," అంది దుకాణం గుమ్మంలోంచే. "మొదటి రోజే ఎందుకు చెప్పలేదు?"

నతానియేలు చేతిలోని పట్టకారు కింద పెట్టాడు. ఈసారి చూపు తిప్పుకోలేదు.

"చెబితే మీరు రెండోసారి రారండీ. మూడు వరుసలూ ఆ రోజే చదివేశాను. నాలుగో వారానికి ఏమీ మిగల్లేదని నాకు నిద్ర పట్టలేదు."

ఇంటికొచ్చి, ఊళ్ళో ఉన్న మా మామ్మతో ఫోనులో ఈ మాట మీరే చెప్పాలని ఆమె అంది.

మహూజ్ ఫ్లాటులో ఆ సాయంత్రం తాళ్ళపూడికి వీడియో కాల్ కలిసింది. రోజీ మొహం ముడుచుకుని ఫోను పట్టుకుంది. ఎస్తేరు అప్పాజీ చెప్పినదంతా పూసగుచ్చినట్టు వినిపించింది. దొర తమవాడు కాడన్న మాట దగ్గర, తెర మీద మామ్మ నరసాయమ్మ కళ్ళజోడు సరిచేసుకుంది.

"మీ తాతకు తాత మిషను బడి పంతులే," అంది చివరికి. "జీతం కూడబెట్టి ఆ గడియారం కొనుక్కున్నాడని మా అత్తగారు నా చెవిలో చెప్పింది. దొర కథ మీ తాత అల్లుకున్నదే. ఆయన ముందు అనే ధైర్యం ఎవరికుందే? కూర నచ్చకపోతే దొర రక్తం, పొలం గట్టు తగాదాకి దొర రక్తం. యాభై ఏళ్ళు విన్నాను."

రోజీ ఫోను పక్కకు తిప్పబోతే నరసాయమ్మ ఆపింది.

"ఆ దొరని పట్టుకుపోయిన కుర్రాడు అక్కడే ఉన్నాడా? ఇలా రమ్మను. పిల్లని కూడా పట్టుకుపోతాడట కదా, మొహం చూస్తాను."

నతానియేలు ముందుకొచ్చి వంగి, వందనాలు మామ్మగారూ అన్నాడు. నరసాయమ్మ తెరకు దగ్గరగా జరిగి, అతని ముక్కును, నుదుటిని, చెవులను ఒక్కొక్కటిగా అనుమానంగా పరీక్షించింది.

"దొర పోలిక ఒక్కటీ లేదు," అంది తృప్తిగా. "నయం. రోజీ, వాళ్ళ అమ్మగారి నంబరు రాసుకో."