మొదటి సూది ఎవరికి?

కలకత్తాలో మనిషిని చంపాలంటే తుపాకీ దండగ. మట్టి ముంతలో టీ చాలు. తాగినవాడు అలవాటు కొద్దీ ముంతను నేలకేసి కొడతాడు. అక్కడ అప్పటికే వెయ్యి పెంకులు పడి ఉంటాయి. విషం ఏ పెంకుకు అంటిందో ఏ పోలీసూ తేల్చలేడు. హత్యాయుధాన్ని చచ్చేవాడి చేతే ముక్కలు చేయించే ఊరు ఇంకెక్కడుంది?

1988 ఆగస్టు. సోమవారం, ఉదయం తొమ్మిదిన్నర. హెల్త్ సైన్సెస్ యూనివర్సిటీ గేటు ఎదురుగా ఉన్న టీ బడ్డీ దగ్గర మరియదాసు ముంత పగలగొట్టి, రెండడుగులు వేసి, మోకాళ్ల మీద కూలబడ్డాడు. అతను యూనివర్సిటీ ప్రెస్సులో కంపోజిటర్. సీసపు అక్షరాలు పేర్చీ పేర్చీ వేళ్లు నల్లబడినవాడు. అతనే సీక్రెట్ సర్వీసుకు సమాచారం ఇస్తాడని భూమ్మీద ఇద్దరికే తెలుసు. ఒకడు అప్పుడే ట్రామ్ దిగి వస్తున్న ఏజెంట్ 41, కూర్మయ్య. రెండోవాడు కూర్మయ్య బాస్.

కూర్మయ్య పరుగెత్తి పట్టుకున్నాడు. మరియదాసు పెదాలు నీలం తిరిగిపోయాయి. పిడికిలి విప్పి, తపాలా బిళ్లంత కాగితం ముక్కను కూర్మయ్య అరచేతిలో నొక్కాడు.

"ఆదివారం ప్రకటన... చేతిరాత కాగితం. పైమూల చింపినాను. ఇది అచ్చులో రాదు."

అంతే. మనిషి పోయాడు.

ముక్క మీద నల్లసిరాతో ఒక వంపుల గుర్తు, కింద రెండు గీతలు. ప్రెస్సువాళ్ల గుర్తేదో అనుకున్నాడు కూర్మయ్య.

ఆదివారం ప్రకటన సంగతి ఇది. ఆ యూనివర్సిటీ నెలనెలా ఒక బులెటిన్ వేస్తుంది. 'రీసెర్చ్ న్యూస్ అండ్ ఆపర్చ్యూనిటీస్'. ఏ ప్రొఫెసరు ఏం కనిపెట్టాడు, ఎక్కడ ఫెలోషిప్ ఉంది, దరఖాస్తుకు ఆఖరి తేదీ ఎప్పుడు, అన్నీ అందులో. ఆఫీసు తలుపే తియ్యని ఆదివారాన్ని ఆఖరి తేదీగా వేసిన ప్రకటన నెలకొకటి వస్తోంది. అది హెల్మర్ అనే విదేశీ ముఠా వాళ్ల కోడ్ మెసేజ్. దాన్ని రాసి ప్రెస్సుకు పంపుతున్న ఇంటిదొంగ ఎవడు? అది తేల్చడమే మరియదాసుకు ఇచ్చిన పని. తేల్చాడు, చచ్చాడు.

*

బాస్ ఆఫీసు పైకి చూస్తే హోమియోపతి మందుల కొట్టు. లోపలి గదిలో మాత్రం ఎర్ర టెలిఫోను, గోడకు రేవు మ్యాపు. కుర్చీలో సోమయాజులు.

ఈ సోమయాజులంటే కూర్మయ్యకు ప్రాణం. కూర్మయ్య పుట్టింది ఏక్‌బాల్‌పూర్ బస్తీలో. తండ్రి శ్రీకాకుళం నుంచి ఓడల్లో బస్తాలు మోయడానికి వచ్చినవాడు. చదివింది హిందీ బడి, అక్కడే కాస్త ఇంగ్లీషు. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు గానీ తెలుగు అక్షరం ముక్క రాదు. అలాంటివాణ్ని ఎనిమిదేళ్ల కింద రేవులోంచి ఏరి తెచ్చి, 'నాన్నా' అని పిలిచి, ఏజెంటును చేసింది సోమయాజులే. బస్తీకి కూడా వచ్చేవాడు. "మీ చేపల పులుసు వాసనకే కడుపు నిండిపోయిందమ్మా" అనేవాడు. ఎనిమిదేళ్లలో ఒక్క ముద్ద తినలేదు. వాళ్లు దాన్ని మెచ్చుకోలు అనుకున్నారు. అమాయకులు మరి.

"ముక్క చూపించు," అన్నాడు సోమయాజులు. చూశాడు. నవ్వాడు. "ప్రూఫులు దిద్దే గుర్తోయ్. పారెయ్."

"సరే సార్," అన్నాడు కూర్మయ్య. కానీ చచ్చిపోయిన స్నేహితుడు చివరగా ఇచ్చింది పారెయ్యడానికి చెయ్యి రాలేదు. జేబులో పెట్టుకున్నాడు. సోమయాజులు చూశాడు, పట్టించుకోలేదు. వీడికి అది చదవడం రాదు కదా!

"టార్గెట్ డాక్టర్ ఇంద్రాణీ లాహిరి," అన్నాడు. "యూనివర్సిటీలో నోటి క్యాన్సర్ స్పెషలిస్టు. మనమే ఆమెను హెల్మర్ ముఠాలోకి పంపాం. ఇప్పుడు అటు తిరిగింది. డబుల్ ఏజెంట్. మరియదాసు ఆమె వల్లే పోయాడు. రేపు బంద్, ఊళ్లో చక్రం కదలదు. పదిన్నరకు బడ్జ్ బడ్జ్ చమురు డిపో జెట్టీకి వస్తుంది."

"రేపు పదకొండుకు మా పెద్దమ్మా వాళ్ల శిబిరం సార్..."

"అక్కడ నేనే కుర్చీ వేసుకుని కూర్చుంటాను నాన్నా. నీకెందుకు బెంగ?"

ఆ శిబిరం యూనివర్సిటీ పేరు మీద జరుగుతోంది. ఏక్‌బాల్‌పూర్ తెలుగు ఆడవాళ్లు చాలామంది అడ్డపొగ తాగుతారు. అంటే చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. అంగిలి మాడుతుంది, పుండ్లు పడతాయి. వాళ్లకు ఉచిత పరీక్ష, క్యాన్సర్ రాకుండా ఒక సూది, మనిషికో పాలడబ్బా. ముందు బస్తీలో ఒక్కరూ ఒప్పుకోలేదు. "మనవాళ్లను నువ్వే ఒప్పించాలి నాన్నా" అని సోమయాజులు అడిగాడు. కూర్మయ్య గుమ్మం గుమ్మం తిరిగాడు. నూట నలభై మంది వేలిముద్ర వేశారు.

సోమయాజులు ఆర్డరు స్లిప్పు రాసి, మడిచి, లక్క ముద్ర వేసి ఇచ్చాడు. "జెట్టీ చేరాక విప్పు. చదివి తగలబెట్టు."

*

ఆ సాయంత్రం ఏక్‌బాల్‌పూర్‌లో అప్పాయమ్మ గుమ్మంలో కూర్చుని చేపలు తోముతోంది. కూర్మయ్యను పెంచిన పెద్దమ్మ ఆమె. నోట్లో చుట్ట, నిప్పు లోపల. చెయ్యి పెట్టకుండానే మాట్లాడుతుంది, తిడుతుంది, నవ్వుతుంది. చుట్ట మాత్రం జారదు.

"ఏట్రా గుంటడా, మొకం అలగున్నాది?"

"మరియదాసు పోయాడు పెద్దమ్మా."

ఆమె చేప వదిలేసింది. కూర్మయ్య జేబులోంచి ముక్క తీసి చూపించాడు.

"ఇదేటి, శ్రీ కాదేటి?" అందామె.

"నీకు చదువొచ్చా?"

"సదువేటి నా బొంద! పెళ్లి కార్డు మీద ఉంటాది కాదా! మంచి పని మొదలెడితే పైన ఏస్తారు. పెద్దకులాలోళ్లు ఉత్తరమైనా అది ఎయ్యందే మొదలెట్టరు."

"మరియదాసు రాసుంటాడు."

"ఆడెందుకు రాత్తాడ్రా? కిరస్తానీ కాదేటి? ఆడైతే సిలువేత్తాడు." చేప మళ్లీ అందుకుంది. "రేపటికి నానే ముందుంటాను. డాట్రమ్మ ఇందిరమ్మ రావద్దంటాది. 'వొద్దు మాషీ, ఆ సూది వొద్దు' అని సెవిలో సెప్పింది. నానేటన్నానో తెల్సా? మా కూర్మిగాడు సెప్పినాడమ్మా, ఆడు నాకు సెడ్డ సెప్పడు అన్నాను."

ఆ మాటకు కూర్మయ్య గర్వపడ్డాడు. ముఠా మనిషి రావద్దంటోందంటే శిబిరం మంచిదన్నమాటే అని లెక్క వేసుకున్నాడు. మనిషి మోసపోవాలనుకుంటే తెలివితేటలు కూడా మోసానికే సాయం చేస్తాయి.

*

మంగళవారం. బంద్. ట్రాములు డిపోలో పడుకున్నాయి. జనపనార మిల్లు కూలీ వేషంలో, తలకు గుడ్డ చుట్టుకుని, కూర్మయ్య సైకిలు తొక్కుకుంటూ పది దాటాక బడ్జ్ బడ్జ్ చేరాడు. జేబులో డిపార్టుమెంటు ఇచ్చిన కొత్త ఆయుధం, పెన్ను పిస్తోలు. జెట్టీ మీద పురుగు లేదు. లక్క పగలగొట్టి స్లిప్పు విప్పాడు.

ఇంగ్లీషులో ఉంది. '10.30. నల్ల కళ్లద్దాల స్త్రీ. నువ్వు: నది పోటు మీద ఉంది. ఆమె: ఓడ ఆగదు. జవాబు వినగానే కాల్చు.'

పైన ఒక గుర్తు. వంపులు, కింద రెండు గీతలు.

ఎనిమిదేళ్లుగా ప్రతి స్లిప్పు మీదా ఉన్న గుర్తే. ఆఫీసు ముద్ర అనుకుని చూడటమే మానేశాడు. చదివినవి చదివినట్టు తగలబెట్టాడు. ఇప్పుడు మరియదాసు ఇచ్చిన ముక్క తీసి పక్కన పెట్టాడు. అదే వంపు. అవే రెండు గీతలు. చేతిరాత తెలియకుండా ప్రకటనలన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాశాడు మహానుభావుడు. కానీ చెయ్యి మాత్రం శ్రీ పెట్టందే కాగితం మొదలెట్టలేదు. ప్రెస్సులో బెంగాలీ వాళ్లకు అది పిచ్చిగీత. చదవగలిగిన ఒకే ఒక్క తెలుగువాడు చచ్చాడు.

నాన్నా అని పిలిచాడే!

"సేతులెత్తు! కదిల్తే పేగులు తీసేత్తాను!"

వెనక్కి తిరిగాడు. నల్ల కళ్లద్దాలు, ఆకాశం రంగు సిల్కు చీర, చేతిలో వెండిపిడి రివాల్వరు. సినిమా తారలాంటి మనిషి నోట శ్రీకాకుళం రేవు తిట్టు. డాక్టర్ ఇంద్రాణి తెలుగు నేర్చుకున్నది అడ్డపొగ ముసలమ్మల దగ్గర మరి.

కూర్మయ్య కోడ్ చెప్పలేదు. స్లిప్పు ముందుకు చాచాడు. "నీ దగ్గరా ఒకటి ఉందా?"

ఆమె కళ్లద్దాలు తీసింది. బ్యాగులోంచి కాగితం తీసింది. 'పదిన్నరకు వచ్చేవాడు ద్రోహి. నది పోటు మీద ఉంది అంటాడు. ఓడ ఆగదు అని కాల్చు.' పైన శ్రీ, రెండు గీతలు.

"మనిద్దరినీ మనిద్దరి సేతే సంపిత్తన్నాడు," అంది ఇంద్రాణి.

"శిబిరం ఎవరిది?"

"హెల్మర్‌ది. ఆ సూది క్యాన్సర్‌కి కాదు. సీరమ్ నైన్. ఆళ్ల దేశంలో ముప్పైమంది సచ్చినారు, నిషేధం ఎట్టినారు. ఈసారి సస్తే ఎవుడూ అడగని మనుషులు కావాలి ఆళ్లకి. ఈ నెల ఆదివారం ప్రకటన సదివినావా? 'నూట నలభై స్లైడ్లు సిద్ధం.' స్లైడ్లు కాదు, మనుషులు. మూడు నెలల కిందట ఇదంతా రాసి సోమయాజులు సేతికిచ్చినాను. బాగా రాసినావమ్మా అన్నాడు!"

నూట నలభై. ఆ గుమ్మాలన్నీ తిరిగింది తన కాళ్లే.

"ఎలా వచ్చావు?"

"అంబులెన్సు. బంద్‌కి దాన్నెవుడూ ఆపడు. ఎక్కు!"

*

పదకొండుకు మూడు నిమిషాలు. రేవు పక్క పాత గోడౌను గేటుకు గొలుసు, దాని అవతల ఇద్దరు గార్డులు. లోపల ఈథర్, స్పిరిట్ సీసాలు ఉన్నాయని ఆడవాళ్ల దగ్గర అగ్గిపెట్టెలన్నీ గుంజుకుని 'నిప్పు నిషేధం' బోర్డు పెట్టారు. ఊచల్లోంచి కూర్మయ్యకు అంతా కనిపిస్తోంది. తెల్లకోటు విదేశీ డాక్టరు. కుర్చీలో సోమయాజులు. పాలడబ్బాల గుట్ట. వరసలో మొదట జాకెట్టు చెయ్యి మడుచుకుని అప్పాయమ్మ.

కూర్మయ్య పెన్ను పిస్తోలు గార్డుకు గురిపెట్టి నొక్కాడు. గార్డు చొక్కా మీద నీలిసిరా పడింది. గవర్నమెంటు సప్లై!

"పెద్దమ్మా! వద్దు! సూది వద్దు!"

అప్పాయమ్మ తిరిగి చూసింది. "నువ్వే రమ్మన్నావు కదరా?"

ఆ మాట తుపాకీ గుండు కంటే నేరుగా తగిలింది. "తప్పు చెప్పినాను పెద్దమ్మా! ఆయన నన్ను మోసం చేసినాడు. నేను మిమ్మల్ని మోసం చేసినాను!"

"తాగి ఉన్నాడమ్మా," అన్నాడు సోమయాజులు, గొంతు కూడా పెంచకుండా. "డాక్టర్, కానివ్వండి."

డాక్టరు ఆమె చెయ్యి బిగించి పట్టుకున్నాడు. సూది మొన చర్మానికి ఆనింది.

అప్పాయమ్మ సోమయాజులు వైపు చూసింది. గేటు దగ్గర ఏడుస్తున్న కూర్మయ్య వైపు చూసింది. నోట్లోంచి చుట్ట తీసింది.

గార్డులు అగ్గిపెట్టెలు వెతికారు గానీ నోళ్లు వెతకలేదు. వెలగని చుట్ట కొరుకుతోంది ముసల్ది అనుకున్నారు. ఎర్రగా కణకణలాడే కొసను అప్పాయమ్మ డాక్టరు మణికట్టుకు అదిమింది. డాక్టరు కెవ్వుమన్నాడు. సిరంజి నేల మీద పడి ముక్కలైంది. గోడౌను గడియారం పదకొండు కొట్టింది.

గార్డులు అరుపు విని లోపలికి పరుగెత్తారు. అంబులెన్సు రివర్సులో వచ్చి గేటును గుద్దింది. గొలుసు తెగింది. ఇంద్రాణి రివాల్వరు పైకెత్తి లోపలికి నడిచింది. కానీ ఆమెతో కూడా పని పడలేదు. నూట నలభై మంది ఆడవాళ్లు గార్డుల్ని పక్కకు తోసేసి సోమయాజులు కుర్చీ చుట్టూ చేరిపోయారు.

"మంచి మందే అయితే," అంది అప్పాయమ్మ, "ముందు బావుగారికి ఎయ్యండి. పెద్దోరు. మొదటి సూది ఆరిది."

ఇంద్రాణి బల్ల మీద రెండో సిరంజి అందుకుంది. ఎవరో ఆయన చొక్కా చెయ్యి మడిచారు.

"వద్దు! వద్దమ్మా! అది వేస్తే చచ్చిపోతాను!"

గోడౌనంతా విన్నది. నూట నలభై మంది సాక్షులు. ఇంద్రాణి సిరంజి కింద పెట్టేసింది.

కూర్మయ్య దగ్గరికొచ్చాడు. "ఎందుకు సార్?"

"నీకు అర్థం కాదులే నాన్నా," అన్నాడు సోమయాజులు, తలెత్తకుండా.

"'నాన్నా' అన్న మాట ఇంకోసారి అనకండి."

*

ఢిల్లీ నుంచి పెద్దలు దిగారు. విదేశీ డాక్టర్ని విమానం ఎక్కించారు. సోమయాజుల్ని ఆరోగ్య కారణాలపై దీర్ఘకాలిక సెలవులో పంపారు. ఫైలు కట్టేశారు. మరియదాసు గుండె ఆగి చనిపోయాడని రాశారు. ఎవడి గుండె ఆగకుండా చస్తాడు?

అప్పాయమ్మ పది రోజులు కూర్మయ్యతో మాట్లాడలేదు. అన్నం మాత్రం పెట్టింది. పదకొండో రోజు అతను కొత్త బులెటిన్ పట్టుకుని గుమ్మంలో కూర్చుంటే ఆమే అడిగింది. "ఏటి రాసినార్రా మన గురించి?"

"ఏక్‌బాల్‌పూర్ శిబిరం, పాల్గొన్నవారు సహకరించనందున వాయిదా."

"సహకరించలేదా? సేతులారా నిప్పెట్టినాను కాదేటి! ఇంకేటున్నాది?"

కూర్మయ్య పేజీ తిప్పాడు. 'అవకాశాలు' కింద ఆఖరి ప్రకటన దగ్గర అతని వేలు ఆగిపోయింది.

"ప్రెస్సులో కంపోజిటర్ కావాలట పెద్దమ్మా. తెలుగు చదవడం వచ్చినవాళ్లు దరఖాస్తు చెయ్యనక్కర్లేదట."

"ఆఖరి రోజెప్పుడు?"

"ఆదివారం."