ఖాళీ మంచం గుండెవేగం

మూడో అంతస్తు చివరి గదిలోకి చీకటి పడ్డాక ఎవరూ అడుగుపెట్టరట. ఆస్పత్రుల్లో రోగి గుండెవేగం చూపించే మానిటర్లను తయారుచేసే కంపెనీలో, వాటిని పరీక్షించే గది అది. ఒక ఇనప మంచం, పక్కన మానిటరు. మంచం మీద మనిషి ఉండడు... తెరమీద మాత్రం గుండె కొట్టుకుంటున్నట్టు అంకె! అది చూసి ఇద్దరు వాచ్‌మన్లు ఉద్యోగం మానేశారు.

ఆ రాత్రి అక్కడ కూర్చుని కారణం కనిపెట్టే పని కంపెనీ ఇంజనీరు ఒకావిడ నెత్తిన పడింది. మానిటరును నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌లో థ్రెడ్ల లైబ్రరీ, అంటే ఒకేసారి సాగే పనుల్ని నడిపించే భాగం, ఆవిడ రాసిందే. పదకొండు రోజులుగా కంటినిండా నిద్ర లేదు. నడుం పట్టేసింది.

"అమ్మా, ఒక్కరే ఉండకండి," గుమ్మంలోంచే గొణిగాడు కొత్త వాచ్‌మన్.

"దెయ్యమొస్తే రానీ. కబుర్లు చెప్తే మెలకువైనా ఉంటుంది," అందావిడ.

మానిటరుకి నాడి అందించే క్లిప్పు వేలికి పెట్టుకోవడం, తీయడం. తీయగానే అంకె పోయి అలారం మోగుతోంది. మళ్లీ పెట్టుకోవడం... రాత్రి రెండు దాటాక, ఎన్నోసారో లెక్క తప్పాక, క్లిప్పు తీసింది.

అలారం మోగలేదు. అంకె పోలేదు.

ఎనభై ఒకటి.

తన గుండె దడదడలాడుతోంది. తెరమీద మాత్రం అదే ఎనభై ఒకటి — నిబ్బరంగా. ప్రోగ్రాంలో తప్పులు వెతికే డీబగ్గర్ తెరిచి ఒక్కో థ్రెడ్‌నీ చూసింది. అంకె మార్చే థ్రెడ్ ఒక లాక్, అంటే ఒకరి దగ్గరుంటే ఇంకొకరు ఆగాల్సిన తాళం, పట్టుకుని, రెండోదాని కోసం కాచుకుని ఉంది. ఆ రెండోది అలారం థ్రెడ్ దగ్గర. అదేమో మొదటిదాని కోసం చూస్తోంది. నువ్వు వదిలితే నేను, నువ్వు వదిలితే నేను... ఇద్దరూ కదలరు; అంకె మారదు, అలారం మోగదు. లాకులు తీసుకునే వరస తారుమారైంది తన లైబ్రరీలోనే.

"దెయ్యం లేదు, ఏం లేదయ్యా. తప్పు నాదే!" గట్టిగా అరిచింది. బయట వాచ్‌మన్ ఊపిరి పీల్చుకున్నాడు.

నాలుగు లైన్లు మార్చి, ఒళ్లు తూలుతుంటే మంచం మీదే కూలబడి మేనేజరుకి ఫోన్ చేసింది.

"దొరికిందండీ."

"హమ్మయ్య! పొద్దున పంపేవాటిలో మార్చేద్దాం."

"ఇదివరకు ఏవీ పంపలేదు కదా?"



"మొదటి నలభై... పోయిన నెలే వెళ్లాయమ్మా. గుండె జబ్బుల వార్డుకి."

ఆవిడ నిద్రమత్తంతా ఎగిరిపోయింది.

"లేవండి. ఇప్పుడే ఆ వార్డుకి ఫోన్ చెయ్యండి. తెరల్ని చూడొద్దనండి... మనుషుల్ని ముట్టుకుని చూడమనండి."