నిదానం సాకెట్టు

"కాస్త చార్జింగ్ పెట్టిస్తారా? మా మైకు మూగబోయింది!"

ఆ గొంతు వినగానే మాలిక్ చేతిలోని డ్రోను జారబోయింది. ప్రత్తిపాడు చుట్టుపక్కల మిర్చి చేలకు డ్రోనుతో మందు కొట్టడం అతని పని. దాని బ్యాటరీలు నింపుకోవడానికి చిన్న జనరేటరు ఒకటి ట్రాలీ ఆటోలో వెంటేసుకుని తిరుగుతాడు.

వచ్చింది నజ్మీన్. ఊరూరా తిరిగి పరుపులు కుట్టే హుస్సేన్ సాహెబ్ కూతురు. దూది ఏకే మిషను బిగించిన వ్యాను ఆమే నడుపుతుంది.

మొదటిసారి కలిసినప్పుడు ఇద్దరూ ఇదే చేని గట్టు మీద పోట్లాడుకున్నారు. ఆమె మిషను నుంచి ఎగిరిన దూది పోయి అతని డ్రోను రెక్కలకు చుట్టుకుంది. "దూదికి రూల్సు తెలియవండీ" అని ఆమె. "మీకైనా తెలియాలి కదండీ" అని అతను. ఆనాటి నుంచి మాలిక్‌కు సరిగ్గా నిద్రపడితే ఒట్టు.

"ఏ బ్యాటరీ అండీ?"

"ఇంజన్‌ది బాగానే ఉంది. మైకుకీ, లైట్లకీ విడిగా పెట్టిన రెండోది దిగిపోయింది."

మాలిక్ గుండె గంతులేసింది. జనరేటరుకు రెండు దారులున్నాయి. ఇంట్లో ఉండేలాంటి ప్లగ్గుకు చార్జరు తగిలించి బ్యాటరీకి చార్జింగ్ ఎక్కిస్తే పని త్వరగా అయిపోతుంది. పక్కనే పన్నెండు వోల్టుల చిన్న సాకెట్టు ఉంది. దాన్నుంచి నేరుగా తీగలు కలపొచ్చు గానీ, అది ఎక్కించేది చుక్క చుక్కగానే.

చార్జరు ఆటోలోనే ఉంది. మాలిక్ దాని మీద మెల్లగా గోనెసంచి కప్పేసి, చిన్న సాకెట్టుకే తీగలు తగిలించాడు.

"ఎంతసేపు పడుతుంది?"

"పడుతుందండీ... బ్యాటరీ కదా!"

"బ్యాటరీ అని నాకూ తెలుసు."

గట్టు మీద కూర్చున్నారు. జనరేటరు మోతలో ఒకరి మాట ఒకరికి వినపడాలంటే దగ్గరగా జరగాల్సిందే. ఇంతకన్నా మంచి జనరేటరు లోకంలో లేదనిపించింది మాలిక్‌కు. ఇన్నాళ్ళూ దాచుకున్న మాట చెప్పేద్దామని గట్టిగా ఊపిరి పీల్చాడు.

"నజ్మీన్ గారూ..."

"చెప్పండి."

"ఈ డ్రోను... పది లీటర్ల మందు మోస్తుందండీ."

"ఇందాక చెప్పారు."

"ఓ... చెప్పానా?"

ఆమె పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. పక్క చేలో పత్తి తీస్తున్న ఆడవాళ్ళు మాత్రం ఏమీ ఆపుకోలేదు.

అంతలో ఆమె ఫోను మోగింది. మోతకు వినపడదని స్పీకరు పెట్టింది.

"అమ్మా, ఎక్కడున్నావు?" హుస్సేన్ సాహెబ్ గొంతు. "ఆడవాళ్ళు చేలనుంచి ఇళ్ళకొచ్చే వేళకి ప్రత్తిపాడు వీధుల్లో మన మైకు తిరగాలి. ఈ పూట వింటేనే గదా, తెల్లారి పాత పరుపులు బయటేసేది! బేరాలు కుదిరితే ఈ నెలంతా ఇక్కడే. లేదంటే పొద్దున్నే వినుకొండ వెళ్ళిపోదాం."

వినుకొండ! మాలిక్ పైప్రాణాలు పైనే పోయాయి. ఇంకాసేపు ఉంచుకుందామని తను వేసిన ఎత్తు, ఏకంగా ఆమెను ఊరే దాటించేలా ఉంది. ఒక్క ఉదుటున లేచి గోనెసంచి లాగిపారేశాడు.

"తప్పు నాదేనండీ! ఇదిగో చార్జరు. కావాలనే నిదానం సాకెట్టుకు పెట్టాను. త్వరగా వెళ్ళిపోతారని... మీరంటే నాకిష్టం. చాలా ఇష్టం. వినుకొండ వెళ్ళొద్దు!"

నజ్మీన్ భగ్గుమంది. "మా బేరాలతో ఆటలా? ఆడపిల్ల సాయమడిగితే చేసేది ఇదా? మోసం కాదూ ఇది?"

పత్తి తీసేవాళ్ళందరూ నడుములెత్తి చూశారు. మాలిక్ తల వంచుకుని చార్జరు తగిలించాడు.

"అమ్మా నజ్మీన్!" ఇంకా ఆపని ఫోను పలికింది. "ఇంజన్ నుంచి ఆ బ్యాటరీకొచ్చే వైరు పొద్దున నేనే బిగించాను గదా. బండి నడుస్తుంటే దానంతటదే ఎక్కుద్ది. అసలు ఎట్టా దిగిపోయింది?"

నజ్మీన్ గొంతు ఒక్కసారిగా తగ్గింది. "గతుకులు నాన్నా... ఊడిపోయినట్టుంది."

"గతుకులకి ఊడుద్దా? నేను బిగించిన నట్టు?"

మాలిక్ తలెత్తాడు. ఆమె చెయ్యి చున్నీ అంచు మీదకు పోయింది. అక్కడ చిన్న ముడి ఉంది. దాచి లాభం లేదని ఆమే ముడి విప్పింది. అరచేతిలో నట్టు!

మాలిక్ పడీపడీ నవ్వాడు. చేలోంచి ఎవరో "అదీ సంగతి!" అని కేకేశారు.

"జనరేటరు అబ్బాయ్!" అన్నాడు హుస్సేన్ సాహెబ్.

"చెప్పండి మావయ్యా... అదే, సాహెబ్ గారూ!"

"ముందు ఆ నట్టు బిగించు. బండి వెనకే నువ్వూ వచ్చి, మీ నాన్న ఫోన్ నంబరు నాకియ్యి. ఈ యవ్వారం మీ ఇద్దరికే వదిలేస్తే నా వ్యానుకి ఒక్క నట్టు కూడా మిగలదు."

నజ్మీన్ ఎర్రబడ్డ మొహం తిప్పుకుని స్పానరు అందించింది.

"నవ్వింది చాలు గానీ, బిగించండి. మైకు తిరిగే వేళవుతోంది."