వడ్డించి మూసిన గది

ఆషాఢం చివర వచ్చే ఆటి అమావాస్యకి పెంకుల కార్ఖానా మూసేస్తారు. ఏడాది మొత్తంలో తనియప్పకి నచ్చిన సెలవు అదొక్కటే. పండగలొస్తే చుట్టాలిళ్ళు తిరగాలి, ఆదివారాలు ఇంటిపనికే సరిపోతాయి. ఆ రోజు మాత్రం బయట వాన తెరిపివ్వదు, లోపల పొయ్యి ఆరదు. పొద్దున్నే చెట్టుబెరడు కషాయం ఒక గ్లాసు మింగేస్తే, ఇక చీకటి పడేదాకా మగవాళ్ళకి పనుండదు. ఆ కషాయం చేదు గురించి చెప్పాలంటే వేరే కథవుతుంది. తాగినవాడి మొహం చూసి పక్కవాడు నవ్వుతాడు, ఆనక వాడి వంతు వస్తుంది.

దూమప్ప తెల్లవారగానే దిగాడు. కార్ఖానాలో తనియప్ప పక్కనే పనిచేస్తాడు, ఇల్లు పొలంగట్టుకి అవతలే. ఆ ఇంట్లో భార్య గిరిజ, మూడు నెలల పిల్లాడు. తనియప్ప అరుగు మీద పేకాట, కల్లు, ఆవిరికి ఉడికిన చేమాకు చుట్టలు, పత్రోడెలు. దూమప్ప వరసగా ఐదాటలు ఓడాడు. తనియప్ప తల్లి అప్పక్క, పెళ్ళాం ఇంట్లోంచి తరిమిందా ఏమిట్రా అని ఎగతాళి చేసింది.

"మీ కోడికూర వాసనకి అదే పంపింది పెద్దమ్మా, గిన్నె ఇచ్చి మరీ" అన్నాడు.

దీపాలవేళకి, తనియప్ప ఇంట్లో పోయినవాళ్ళకి వడ్డిస్తారు. లోపలి గదిలో వడ్ల గాదె ముందు ఐదు అరటాకులు పరిచి, అన్నం, కోడికూర, కల్లు పెట్టి, బయట గడియ వేసి, అందరూ అరుగు మీద మాటల్లేకుండా కూర్చుంటారు. వాళ్ళు తినేదాకా తలుపు తీయకూడదు. ఇక చాలనుకున్నాక అప్పక్కే లేచి మూడుసార్లు తట్టి తీస్తుంది. తనియప్ప హైస్కూలు దాకా చదివాడు. ఇలాంటివి పెద్దగా నమ్మడు, అలాగని ఎదురూ చెప్పడు. మనలో చాలామంది అంతే.

ఆ రోజు గడియ వేశాక చూస్తే దూమప్ప కనబడలేదు. చెప్పకుండా ఇంటికి పోయాడనుకున్నారు.

వాన హోరు తగ్గింది. చూరు నుంచి చుక్కలు పడుతున్నాయి. తలుపు సందుల్లోంచి మసాలా ఘాటు, దాని అడుగున ముక్కిపోయిన వడ్ల వాసన. కాసేపటికి లోపల... మెల్లగా నములుతున్న చప్పుడు. ఎముక విరిగిన చప్పుడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అలా వినబడలేదు.

"పిల్లి" అన్నాడు తనియప్ప గొంతు తగ్గించి.

అప్పక్క తల అడ్డంగా ఊపింది.

చప్పుడు ఆగింది. ఎవరో చెక్కకి పెదాలు ఆనించి మాట్లాడుతున్నట్టు గుసగుస.

"తనియా... నేన్రా. గాదె వెనక పడుకున్నాను. తియ్యి."

దూమప్ప గొంతే. తనియప్ప లేవబోతే అప్పక్క అతని మణికట్టు పట్టుకుంది.

"ఇంకా తింటున్నార్రా. నువ్వు తీయకపోతే వాడికేం కాదు."

"భయంతో చస్తాడమ్మా."

"తనియా... జరిగి నాకు చోటిస్తున్నారు. కూర్చోమంటున్నారు. పిల్లాడున్నవాణ్ణిరా..."

తనియప్ప చెయ్యి విదిలించుకున్నాడు. గడియ తీశాడు.

దూమప్ప వచ్చాడు. చెమట లేదు. వణుకూ లేదు. ఎవరి మొహమూ చూడకుండా మెట్లు దిగి, వానలో గట్టు వెంబడి వెళ్ళిపోయాడు. తనియప్పకి నవ్వొచ్చింది. వారం రోజులు కార్ఖానాలో వీణ్ణి ఏడిపించొచ్చు. అప్పక్క మాత్రం దీపం తీసుకుని గదిలోకి వెళ్ళింది. వెళ్ళి, అక్కడే నిలబడిపోయింది.

ఐదాకుల్లోనూ భోజనం సగంలో ఆగి ఉంది. ఆకుల ముందు ఎవరూ లేరు.

గాదె వెనకనుంచి గురక వినిపిస్తోంది.

తనియప్ప వంగి చూశాడు. దూమప్ప... నోరు తెరుచుకుని, కల్లు కంపు కొడుతూ, ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నాడు.

నీళ్ళు కొట్టి లేపారు. సంగతి సగం వినగానే దూమప్ప మత్తు దిగిపోయింది. గట్టు మీద ఇద్దరూ పడుతూ లేస్తూ పరిగెత్తారు. ఇంట్లో దీపం వెలుగుతోంది. తలుపుకి లోపల గడియ పెట్టి ఉంది.

"గిరిజా... నేనే. తియ్యి."

ఉయ్యాల కిర్రుమంటున్న చప్పుడు ఆగిపోయింది. తలుపు పక్కనుంచి గిరిజ గొంతు, రహస్యంగా...

"మా ఆయన ఇందాకే వచ్చేశారు. ఆయన వెనకాల నలుగురు ముసలివాళ్ళు వచ్చారు. ఎవరూ మాట్లాడరు. పిల్లాణ్ణి ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుంటున్నారు... మీరెవరు?"