రానా అని అడిగే గది

ఇచ్ఛాపూర్‌లో ఒక ఫ్యాక్టరీ గోడ వెనక మూడంతస్తుల మేడ ఉంది. అందులో పై అంతస్తు చివరి గదికి మంచి పేరు లేదు. పురిట్లో బిడ్డతో సహా పోయిన ఒకావిడ, చీకటి పడ్డాక గుమ్మం బయట నిలబడి "రానా?" అని అడుగుతుందట. పలక్కపోతే వెళ్లిపోతుందట. దెయ్యమైనా మర్యాద తెలిసిన మనిషి... ఒప్పుకోనిదే గడప దాటదు.

కింద టిఫిన్ సెంటర్ నడిపే పద్మారాణి నాకు చెప్పిన సంగతి ఇది. శరత్, శ్రీప్రియ ఆ గదిలో దిగిన రోజే ఆమె హెచ్చరించింది.

"తమ్మీ, నీ పెండ్లాం కడుపుతోటి ఉన్నది. రాత్రి ఎవ్వలన్నా రానా అంటే పలకకు. రా అనకు, సరే అనకు. జర యాదుంచుకో."

శరత్ నవ్వేశాడు. కంప్యూటర్ ఉద్యోగం కదా, దెయ్యాలంటే లెక్కలేదు.

ఒక రాత్రి... పద్మారాణి టిఫిన్ సెంటర్‌కే ఆర్డర్లు తీసుకునే యాప్ తయారుచేస్తున్నాడు. నిజానికి చేసేది అతను కాదు, కోడ్ రాసిపెట్టే ఏఐ. పక్కన శ్రీప్రియ పడుకుని ఉంది. ఉన్నట్టుండి తెర మీద ఒక చిన్న పెట్టె తెరుచుకుంది — ఫొటోలు చూడవచ్చా?

ఇడ్లీ ఆర్డర్లకు ఇంట్లోవాళ్ల ఫొటోలెందుకు? అని అనుకోలేదు మహానుభావుడు. "సరే" అని గొణిగి నొక్కాడు.

మళ్లీ పెట్టె — కాంటాక్టులు చూడవచ్చా? "సరే." మైకు వాడుకోవచ్చా? "సరే... సరే..."

శ్రీప్రియ లేచి కూర్చుంది. "ఎవరితో మాట్లాడుతున్నావు?"

"ఇదేలే. ఊరికే అడుగుతోంది. ఒకసారి సరే అంటే మళ్లీ అడగదు."

ఆమె తెర వైపు వంగి చూసింది. ఆమెదీ అదే ఉద్యోగం.

"యాప్ ఉన్న ఫోల్డర్ ఒక్కటి ఇవ్వాల్సింది పోయి, సిస్టమ్ మొత్తం దీని చేతిలో పెట్టావు. అందుకే అన్నీ తడుముతోంది. శరత్... అందులో బిడ్డ స్కానింగ్ ఫొటోలు ఉన్నాయి. మా అమ్మకే ఇంకా చూపించలేదు."

థూ! నాకు రోత పుట్టేది ఇక్కడే. నల్లా బాగుచేయమని పిలిస్తే, వచ్చినవాడు బీరువా తెరిచి బట్టలు తడిమినట్టుంది. వాడి సంగతి సరే, అడిగినప్పుడల్లా తాళాలు తీసిచ్చిన ఈ ఇంటాయన్ని తలుచుకుంటే ఇంకా రోత.

శ్రీప్రియ దాన్ని ఆపేసి, ఇచ్చిన అనుమతులన్నీ ఒక్కొక్కటే తీసేసింది. శరత్ ల్యాప్‌టాప్ మూసి, తల వంచుకుని ఛార్జర్ వైరు చుడుతున్నాడు. గదంతా చీకటి... ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేం లేదు.

అప్పుడు — గుమ్మం బయట, చాలా మెల్లగా...

"రానా?"

"సరే," అన్నాడు శరత్.

తల కూడా ఎత్తలేదట! వేలికి పట్టిన పాడు అలవాటు నోటికీ అంటుకుంది. శ్రీప్రియ అతని నోరు మూసేసరికే ఆలస్యమైపోయింది. లోపల వేసిన గడియ... దానంతటదే జరిగింది. తలుపు తెరుచుకుంది. బయట ఎవరూ లేరు.

తెల్లారేసరికి గది ఖాళీ చేశారు. ఇప్పుడు అక్కడికి దూరంగా, కడోదరా అనే చోట ఉంటున్నారు. పాప పుట్టింది, బాగానే ఉంది. కాకపోతే రాత్రిపూట పాప ఏడుపు మొదలుపెడితే, వీళ్లు లేవకముందే ఎవరో జోకొడుతున్న చప్పుడు వినిపిస్తుందట.

ఆ కొత్త ఇంటి గుమ్మం దగ్గర మాత్రం ఇంతవరకూ ఎవరూ "రానా?" అనలేదట.

ఒకసారి సరే అన్నాక... మళ్లీ ఎందుకు అడుగుతుంది?